వోల్టేజి, కరెంటు తెలిస్తే నిరోధం తెలిసినట్టేనా?

100 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు ఒకటి తీసుకుని, మల్టీమీటరును ఓమ్‌ల దగ్గర పెట్టి, ప్రోబులు రెండింటినీ బల్బు అడుగున ఉండే రెండు సీసపు చుక్కలకు ఆనిస్తే తెర మీద 40కి కాస్త అటూ ఇటూగా ఒక అంకె నిలుస్తుంది. బల్బు మీద 230 వోల్టులు, 100 వాట్లు అని ముద్ర ఉంటుంది. పాఠ్యపుస్తకంలోని సూత్రం ప్రకారం వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగిస్తే సామర్థ్యం రావాలి. 230 వర్గం 52,900. దాన్ని 40తో భాగిస్తే 1,322. వంద వాట్ల బల్బు కాస్తా కాగితం మీద పదమూడు వందల వాట్ల పొయ్యి అయి కూర్చుంది. మీటరు చెడిపోలేదు, ముద్ర అబద్ధం కాదు, భాగహారమూ తప్పలేదు.

వోల్టేజి, కరెంటు చేతిలో ఉంటే నిరోధం, సామర్థ్యం కనుక్కోవడానికి ఒక భాగహారం, ఒక గుణకారం చాలు. ఆ రెండింటిలో తప్పు చేసేవాళ్లు అరుదు. ఆ వోల్టేజి ఏ రెండు బిందువుల మధ్యది, ఆ కరెంటు ఏ తీగలోది, కొలిచిన క్షణంలో వస్తువు చల్లగా ఉందా వేడిగా ఉందా, తిరుగుతోందా ఆగి ఉందా అని అడగకుండా అంకెలను సూత్రంలోకి నెట్టేసినప్పుడే లెక్క దారి తప్పుతుంది. బల్బు దగ్గరికి మళ్లీ వద్దాం. అంతకంటే ముందు మాటల సంగతి ఒకటి తేల్చుకోవాలి.

‘కరెంటు’ చేసే మూడు పనులు

తెలుగు వాడుకలో ‘కరెంటు’ అనే మాట మోయలేనంత బరువు మోస్తోంది. ‘కరెంటు పోయింది’ అన్నప్పుడు ముందుగా పోయింది వోల్టేజి. అది లేక కరెంటు ఆగింది. ‘హీటరు కరెంటు బాగా కాలుస్తుంది’ అన్నప్పుడు మనసులో ఉన్నది శక్తి. ‘మోటారు కరెంటు ఎక్కువ లాగుతోంది’ అన్నప్పుడు మాత్రమే ఆ మాట దాని అసలు అర్థంలో పలికింది. పైగా ఆ ‘లాగడం’ అన్న క్రియ చాలా గడుసుగా కుదిరింది. సరఫరా వైపు నుంచి దొరికేది వోల్టేజి. ఎంత కరెంటు పారాలో తేల్చేది తగిలించిన పరికరం. ఒకే ప్లగ్గు నుంచి చిన్న దీపం పావు ఆంపియరు లాగితే, నీళ్ల హీటరు ఆరేడు ఆంపియర్లు లాగుతుంది. ‘సామర్థ్యం’ అన్న మాటతో మరో చిన్న పేచీ ఉంది. దాన్ని ఇక్కడ పనితనం, దక్షత అనే అర్థంలో తీసుకోకూడదు. సెకనుకు ఎంత శక్తి చేతులు మారుతోంది అన్నదే విద్యుత్ సామర్థ్యం.

ఇక కొలమానాలు. ఒక కూలుంబు విద్యుదావేశం ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లేటప్పుడు ఒక జౌలు శక్తి వదిలితే ఆ రెండు చోట్ల మధ్య తేడా ఒక వోల్టు. సెకనుకు ఒక కూలుంబు పారితే ఒక ఆంపియరు. అంటే సెకనుకు సుమారు 62,400 కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు. 2019 నుంచి ఆంపియరును నిర్వచిస్తున్నది కూడా ఎలక్ట్రాను ఆవేశం ఆధారంగానే. ఇప్పుడు వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే కూలుంబు పైనా కిందా కొట్టుకుపోయి, సెకనుకు ఇన్ని జౌళ్లు అని మిగులుతుంది. దాని పేరే వాటు. సామర్థ్యం = వోల్టేజి × కరెంటు అన్న సూత్రాన్ని బట్టీ పట్టవలసిన పని లేదన్నమాట; కొలమానాలను పక్కపక్కన రాస్తే అదే బయటపడుతుంది.

ఈ గుణకారానికి ఉన్న గొప్ప సౌలభ్యం ఏమిటంటే, పెట్టెలో ఏముందో అది అడగదు. లోపల హీటర్లలో వాడే నిక్రోమ్ తీగ ఉన్నా, మోటారు ఉన్నా, చార్జ్ అవుతున్న బ్యాటరీ ఉన్నా, పెట్టె రెండు కొసల మధ్య ఈ క్షణాన ఉన్న వోల్టేజిని ఈ క్షణాన పారుతున్న కరెంటుతో గుణిస్తే లోపలికి వెళ్తున్న సామర్థ్యం వస్తుంది. అది వేడిగా మారిందా, తిప్పే బలంగా మారిందా, వెలుగుగా మారిందా అన్నది వేరే ప్రశ్న. భాగహారానికి అంత ఉదారత లేదు. వోల్టేజి ÷ కరెంటు = నిరోధం అని ఎవరైనా ఎక్కడైనా లెక్క కట్టవచ్చు కానీ, వచ్చిన అంకె రేపు కూడా, మరో వోల్టేజి దగ్గర కూడా పనికొస్తుందా అన్నది పెట్టెలో ఉన్న వస్తువును బట్టి ఉంటుంది.

ఓమ్ కనిపెట్టింది ఏమిటి

గేయోర్గ్ సైమన్ ఓమ్ జర్మనీలోని కొలోన్‌లో బడిపంతులుగా ఉంటూ ఈ ప్రయోగాలు చేశాడు. మొదట్లో వోల్టా తరహా బ్యాటరీలు వాడాడు. అవి తిన్నగా నిలబడలేదు. కరెంటు లాగే కొద్దీ వోల్టేజి జారిపోయేది, కొలతలు ఒకదానితో ఒకటి పొసగేవి కావు. 1825లో అచ్చువేసిన ఆయన తొలి సూత్రం ఆ కారణంగానే తప్పింది. భౌతికశాస్త్ర పత్రిక సంపాదకుడు పోగెన్‌డార్ఫ్ సలహా మీద ఆయన బ్యాటరీని పక్కనపెట్టి, బిస్మత్, రాగి కలిపిన ఉష్ణయుగ్మాన్ని (రెండు లోహాల అతుకుల మధ్య వేడి తేడా వల్ల వోల్టేజి పుట్టించే జంటను) తీసుకున్నాడు. ఒక అతుకు మరిగే నీళ్లలో, మరొకటి కరుగుతున్న మంచులో. నీళ్లు మరిగే ఉష్ణోగ్రత, మంచు కరిగే ఉష్ణోగ్రత రెండూ కదలవు కాబట్టి వోల్టేజి కూడా కదల్లేదు. తీగ పొడవులు మార్చుతూ, వేలాడదీసిన అయస్కాంత సూచి ఎంత తిరిగిందో చూసి కరెంటును అంచనా కట్టాడు. 1827లో వెలువడిన పుస్తకంలో ఫలితాన్ని గణితంగా నిలబెట్టాడు. స్వదేశంలో దానికి మొదట పెద్దగా ఆదరణ దొరకలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది.

ఇక్కడ పుస్తకాలు తరచూ కలగాపులగం చేసే విషయం ఒకటి ఉంది. వోల్టేజిని కరెంటుతో భాగించడం నిరోధానికి నిర్వచనం మాత్రమే. నిర్వచనాన్ని ఎవరూ కనిపెట్టనక్కర్లేదు. ఓమ్ చూపింది ఏమిటంటే, ఉష్ణోగ్రత మారనంత వరకు లోహపు తీగల్లో ఆ భాగఫలం మారదని. వోల్టేజి రెట్టింపయితే కరెంటూ రెట్టింపవుతుంది, నిష్పత్తి ఉన్నచోటే ఉంటుంది. అది ప్రకృతి గురించిన వార్త. అన్ని పదార్థాలకూ అది వర్తించదు, వర్తించాలన్న నియమమూ లేదు.

ఆయనను ఏడిపించిన బ్యాటరీ జబ్బును కూడా ఇవాళ ఇదే లెక్కతో కొలవవచ్చు. ఏ భారమూ లేనప్పుడు ఒక సెల్లు 1.55 వోల్టులు చూపించి, అర ఆంపియరు లాగగానే 1.40కి దిగిందనుకుందాం. పోయిన 0.15 వోల్టులను 0.5 ఆంపియర్లతో భాగిస్తే 0.3 ఓమ్. అది సెల్లు తన కడుపులోనే దాచుకున్న నిరోధం. పాతబడే కొద్దీ అది పెరుగుతుంది. అందుకే ఊరికే మీటరు పెట్టి చూసి ‘సెల్లు బాగానే ఉంది’ అనడం తొందరపాటు. భారం మోస్తున్నప్పుడు చూడాలి.

ఒకే సామర్థ్యానికి రెండు ఎదురెదురు సూత్రాలు

ఒక నిరోధకం కొసల మధ్య 12 వోల్టులు, అందులో 0.24 ఆంపియర్లు. భాగిస్తే 50 ఓమ్‌లు, గుణిస్తే 2.88 వాట్లు. ఓమ్ నిష్పత్తిని గుణకారంలో ప్రతిక్షేపిస్తే సామర్థ్యానికి మరో రెండు రూపాలు వస్తాయి: కరెంటు వర్గం × నిరోధం, వోల్టేజి వర్గం ÷ నిరోధం. 0.24 వర్గాన్ని 50తో గుణించినా, 12 వర్గాన్ని 50తో భాగించినా అదే 2.88. మూడు దారులూ ఒకే గుమ్మంలోకి వచ్చాయి.

కానీ ఒక్క క్షణం ఆగి చదివితే తిరకాసు కనిపిస్తుంది. మొదటి రూపంలో నిరోధం పెరిగితే సామర్థ్యం పెరగాలి. రెండో రూపంలో నిరోధం పెరిగితే సామర్థ్యం తగ్గాలి. రెండూ ఎలా నిజమవుతాయి? విద్యార్థులు అడిగే ప్రశ్నల్లో ఇంతకంటే మంచిది లేదు. దీన్ని ‘రెండూ ఒకటేలే’ అని దాటవేసిన చోట విషయం అర్థం కాకుండానే మిగిలిపోతుంది. నిరోధం మారినప్పుడు ఏది మారకుండా నిలిచి ఉంది అన్నదాంట్లో జవాబుంది. గోడ ప్లగ్గు దగ్గర వోల్టేజి నిలిచి ఉంటుంది, కాబట్టి అక్కడ తక్కువ నిరోధమున్న హీటరే ఎక్కువ వేడెక్కుతుంది. ఒకదాని వెనుక ఒకటిగా శ్రేణిలో కలిపిన వస్తువుల్లో కరెంటు ఒక్కటే, కాబట్టి అక్కడ ఎక్కువ నిరోధమున్నదే ఎక్కువ వేడెక్కుతుంది.

60 వాట్ల బల్బును, 100 వాట్ల బల్బును శ్రేణిలో కలిపి 230 వోల్టులకు తగిలిస్తే ఏది బాగా వెలుగుతుంది? చాలామంది వంద అంటారు. వెలిగేది అరవై. పూర్తి వెలుగులో దాని నిరోధం 882 ఓమ్‌లు, వంద వాట్లదానికి 529. ఆ అంకెలు మారవనుకుంటే ఇద్దరి గుండా పారేది 0.163 ఆంపియర్లు, అరవై వాట్ల బల్బుకు 23 వాట్లు, వందదానికి 14 వాట్లు దక్కుతాయి. నిజంగా చేసి చూస్తే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది. వంద వాట్ల బల్బు సరిగ్గా వేడెక్కక దాని నిరోధం బాగా పడిపోతుంది, ఆ వంతు వోల్టేజి కూడా అరవైదానికే పోతుంది.

వర్గం చేసే పనిని తక్కువ అంచనా వేయకూడదు. 1,500 వాట్ల నీళ్ల హీటరు 230 వోల్టుల దగ్గర 6.52 ఆంపియర్లు లాగుతుంది, నిరోధం 35.3 ఓమ్‌లు. సరఫరా 200 వోల్టులకు దిగిందంటే వోల్టేజి తగ్గింది 13 శాతమే. కరెంటు కూడా 5.67కి తగ్గుతుంది కాబట్టి సామర్థ్యం 1,134 వాట్లకు, అంటే దాదాపు నాలుగో వంతు పడిపోతుంది. పది లీటర్ల నీళ్లను 25 నుంచి 60 డిగ్రీల సెల్సియస్‌కు తేవడానికి సుమారు 14.65 లక్షల జౌళ్లు కావాలి. చుట్టుపక్కలకు పోయే వేడిని పక్కనపెడితే మొదటి సందర్భంలో 16 నిమిషాలు, రెండోదాంట్లో 21 నిమిషాలు దాటుతుంది. ఖర్చయ్యే శక్తి మాత్రం అంతే. కరెంటు వర్గానికి, నిరోధానికి అనులోమంగా వేడి పుడుతుందని 1841లో జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ ప్రకటించింది కూడా నీళ్లలో తీగ చుట్ట ముంచి, థర్మామీటరు చూసి తేల్చిన సంగతే.

అయితే అన్ని పరికరాలూ ఇలా తగ్గుతాయనుకోవద్దు. కంప్యూటరుకు, ఫోనుకు వాడే స్విచింగ్ తరహా సరఫరాలు తమకు కావలసిన సామర్థ్యాన్ని పట్టుబట్టి తీసుకుంటాయి. నష్టాలను వదిలేస్తే 60 వాట్ల సరఫరా 230 వోల్టుల దగ్గర 0.26 ఆంపియర్లు లాగితే, 115 వోల్టుల దగ్గర 0.52 లాగుతుంది. వోల్టేజి సగమైతే కరెంటు రెట్టింపు! మొదటి చోట భాగిస్తే 882 ఓమ్‌లు, రెండో చోట 220. ఆ రెండింటిలో ఏది దాని ‘నిరోధం’ అని అడగడంలో అర్థం లేదు.

వేడి బల్బు, చల్లని బల్బు

ఇప్పుడు మొదటి బల్బు. వెలుగుతున్నప్పుడు 100 వాట్లు అంటే 0.435 ఆంపియర్లు, అంటే 529 ఓమ్‌లు. మీటరు చూపింది 40. పదమూడు రెట్లకు పైగా తేడా. టంగ్‌స్టన్ నిరోధం గది ఉష్ణోగ్రత దగ్గర డిగ్రీకి సుమారు 0.45 శాతం చొప్పున పెరుగుతుంది. వెలుగుతున్న ఫిలమెంటు దాదాపు 2,500 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. 40ని ఆ లెక్కన పెంచితే 490 వస్తుంది. అంత ఉష్ణోగ్రతల్లో పెరుగుదల ఇంకాస్త వేగంగా ఉంటుంది కాబట్టి 529 దగ్గర తేలడంలో వింతేమీ లేదు. మీటరు ఓమ్‌లు కొలిచేటప్పుడు పంపే కరెంటు అతి స్వల్పం. ఫిలమెంటుకు అది గోరువెచ్చదనం కూడా తేలేదు.

అలాగని 1,322 వాట్లు గాలిలోంచి పుట్టిన అంకె కాదు. స్విచ్ వేసిన తొలి క్షణంలో ఫిలమెంటు చల్లగానే ఉంటుంది. అప్పుడు అది దాదాపు ఆ స్థాయిలోనే లాగుతుంది, కరెంటు 0.43కి బదులు 5.75 ఆంపియర్ల వరకు ఎగబాకుతుంది. సెకనులో చిన్న భాగం గడిచేసరికి తీగ తెల్లగా కాలి, నిరోధం పెరిగి, కరెంటు దిగిపోతుంది. ఫిలమెంటు బల్బులు మాడిపోయేది వెలుగుతూ ఉన్నప్పటికంటే స్విచ్ వేసినప్పుడే ఎక్కువ. ఏళ్ల తరబడి ఆవిరై సన్నబడిన చోటు ఆ తొలి తాకిడిని తట్టుకోలేదు. నిక్రోమ్ తీగ స్వభావం వేరు. ఎర్రగా కాలినా దాని నిరోధం పెరిగేది కొద్ది శాతాలే. కాబట్టి హీటరును చల్లగా ఉన్నప్పుడు కొలిచి సామర్థ్యం లెక్క కట్టినా ఫలితం ముద్రకు దగ్గరగా వస్తుంది, బల్బుకు రాదు. ఈ తేడా తెలియనివారు హీటరు మీద నేర్చుకున్న లెక్కను బల్బు మీద వాడి బోల్తా పడతారు.

తిరిగే మోటారు, బిగుసుకున్న మోటారు

12 వోల్టుల చిన్న డీసీ మోటారు ఒకటి, తిరుగుతున్నప్పుడు ఒక ఆంపియరు తీసుకుంటోందనుకుందాం. భాగిస్తే 12 ఓమ్‌లు. దాన్ని ఆపి, చుట్టల నిరోధాన్ని మీటరుతో కొలిస్తే 2 ఓమ్‌లే. మిగతా 10 ఓమ్‌లు ఎక్కడా లేవు, వెతికినా దొరకవు. తిరిగే మోటారు తనంతట తానే జనరేటరులా పనిచేస్తూ సరఫరాకు ఎదురుగా 10 వోల్టులు పుట్టిస్తోంది. చుట్టలకు నిజంగా మిగిలింది 2 వోల్టులే, అందుకే కరెంటు ఒక ఆంపియరు.

సామర్థ్యం లెక్కల్లో ఇది ఎంత తేటగా కనిపిస్తుందో చూడండి. లోపలికి వెళ్తున్నది 12 × 1 = 12 వాట్లు. చుట్టల్లో వేడిగా మారుతున్నది కరెంటు వర్గం × నిరోధం, అంటే 2 వాట్లు. మిగతా 10 వాట్లు ఇరుసును తిప్పడానికి, రాపిడికి పోయాయి. ఇక్కడ ఎవరైనా వోల్టేజి వర్గం ÷ నిరోధం వాడితే 144ను 2తో భాగించి 72 వాట్లు అంటారు, తిరుగుతున్న మోటారుకు అది శుద్ధ తప్పు. ఇరుసులో గుడ్డపేలిక చిక్కుకుని మోటారు బిగుసుకుపోతే మాత్రం ఎదురు వోల్టేజి మాయమై, కరెంటు 6 ఆంపియర్లకు ఎగిరి, ఆ 72 వాట్లూ నిజమవుతాయి. అంతా వేడే. రెండు వాట్ల వేడికి తయారైన చుట్టలో 72 వాట్లు పడితే వార్నిష్ మాడిన వాసన రావడానికి ఎంతోసేపు పట్టదు.

ఏసీ సరఫరాలో చుట్టలున్న పరికరాలకు మరో మెలిక ఉంది. 230 వోల్టులు అన్నది వేడి పుట్టించే శక్తిని బట్టి కట్టిన ఒక రకం సగటు. తరంగం కొన దగ్గర వోల్టేజి 325 దాకా వెళ్తుంది. చుట్టల్లో కరెంటు ఆ తరంగం కంటే వెనకబడి నడుస్తుంది కాబట్టి గుణకారాన్ని క్షణక్షణానికీ చేసి సగటు తీస్తే, మీటర్లు చూపే రెండు అంకెల లబ్ధం కంటే తక్కువ వస్తుంది. 0.5 ఆంపియర్లు తీసుకునే మోటారుకు లబ్ధం 115; దాన్ని వాట్లు అనరు, వోల్టు-ఆంపియర్లు అంటారు. సామర్థ్య గుణకం, అంటే ఆ లబ్ధంలో అసలు సామర్థ్యం వంతు, 0.8 అయితే అసలు సామర్థ్యం 92 వాట్లు. హీటరుకు, ఫిలమెంటు బల్బుకు ఈ బెడద లేదు.

కొలిచేటప్పుడు జరిగే చిన్న చిన్న ద్రోహాలు

అన్నిటికంటే తరచుగా జరిగే తప్పు మిల్లీ దగ్గర. 9 వోల్టులు, 30 మిల్లీ ఆంపియర్లు చూసి 9ని 30తో భాగించి 0.3 ఓమ్ అని రాసేస్తారు. మిల్లీ ఆంపియర్లతో భాగిస్తే వచ్చేది కిలో ఓమ్‌లు. జవాబు 300 ఓమ్‌లు. వెయ్యి రెట్ల తప్పు కాబట్టి ఒకసారి ఆలోచిస్తే ఇట్టే దొరికిపోతుంది: 9 వోల్టుల బ్యాటరీకి నిజంగా 0.3 ఓమ్ తగిలిస్తే అది 30 ఆంపియర్లు ఇవ్వగలదా?

మీటరు కూడా వలయంలో భాగమే అన్న సంగతి మరిచిపోతే మరో తప్పు. డిజిటల్ వోల్టుమీటరు నిరోధం సాధారణంగా 10 మెగా ఓమ్‌లు. 10 మెగా ఓమ్‌లున్న వస్తువు కొసలకు దాన్ని ఆనించి, రెండింటికీ ముందు అమ్మీటరు పెట్టి, రీడింగులు భాగిస్తే 5 మెగా ఓమ్‌లే వస్తుంది. కరెంటులో సగం వస్తువు గుండా కాక మీటరు గుండా పోయింది. రెండో కొసన, ఓమ్‌లో పదో వంతు నిరోధాన్ని మామూలుగా కొలిస్తే ప్రోబుల తీగల నిరోధమే 0.2, 0.3 ఓమ్ ఉండి అసలుదాన్ని మింగేస్తుంది. అలాంటప్పుడు కరెంటు పంపే తీగలు వేరు, వోల్టేజి చూసే తీగలు వేరుగా పెట్టాలి. ఒక ఆంపియరు పంపి, సరిగ్గా వస్తువు కొసల దగ్గర 0.1 వోల్టు చదివితే నిరోధం 0.1 ఓమ్. వోల్టేజి చూసే తీగల్లో కరెంటు దాదాపు ఉండదు కాబట్టి వాటి నిరోధం లెక్కలోకి రాదు. నాలుగు తీగల పద్ధతి అంటే ఇదే.

మీటరు కచ్చితత్వాన్ని కూడా మరవద్దు. వోల్టేజిలో ఒక శాతం, కరెంటులో రెండు శాతం పొరపాటుకు తావుంటే నిరోధంలో మూడు శాతం దాకా తేడా రావచ్చు. 49.6317 ఓమ్‌లు అని నాలుగు దశాంశాల దాకా రాయడం అలాంటి చోట ఉత్త ఆడంబరం. 

ఎల్‌ఈడీకి ముందు పెట్టే నిరోధకం లెక్కలో అందరూ ఒకే చోట జారుతారు. బ్యాటరీ 9 వోల్టులు, ఎల్‌ఈడీ 2 వోల్టులు పట్టుకుంటుంది, కావలసిన కరెంటు 20 మిల్లీ ఆంపియర్లు. 9ని భాగించకూడదు; నిరోధకం కొసల మధ్య ఉన్నది 7 వోల్టులే. 7 ÷ 0.02 = 350, బజారులో దొరికే దగ్గరి విలువ 360 ఓమ్‌లు. నిరోధకంలో 0.14 వాటు పోతుంది, పావు వాటు రకం చాలు. బ్యాటరీ ఇస్తున్న 0.18లో ఎల్‌ఈడీకి చేరేది 0.04 వాటు మాత్రమే అన్నది కొంచెం బాధ కలిగించే వివరం.

తీగ, వదులు అతుకు

నిరోధాల లెక్క నిజంగా ప్రాణం మీదికి వచ్చేది ఎవరూ నిరోధంగా భావించని చోట్ల. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, పోను 20 మీటర్లు, రాను 20 మీటర్లు: మొత్తం 0.45 ఓమ్. అందులో 10 ఆంపియర్లు పారితే 4.5 వోల్టులు దారిలోనే పోతాయి, 45 వాట్ల వేడి పుడుతుంది. ఆ వేడి నలభై మీటర్ల పొడవునా పరుచుకుంటుంది కాబట్టి తీగ మీద చెయ్యి వేసినా తెలియదు. 1,500 వాట్లను 12 వోల్టుల దగ్గర పంపాలంటే కావలసిన 125 ఆంపియర్లు మాత్రం ఆ తీగ పట్టదు. కరెంటు వర్గం అక్కడ శిక్ష వేస్తుంది. దూరాలకు విద్యుత్తును లక్షల వోల్టుల దగ్గర పంపడం వెనుక ఉన్నది ఈ వర్గమే.

ఇప్పుడు అదే నిరోధాన్ని ఒక్క చుక్కలో కుదించి చూడాలి. 2,300 వాట్ల హీటరు నిరోధం 23 ఓమ్‌లు. అది 10 ఆంపియర్లు లాగుతుంది. ప్లగ్గు పిన్ను సాకెట్టులో వదులై, ఆ అతుకు దగ్గర అర ఓమ్ చేరిందనుకుందాం. వలయంలో మొత్తం 23.5 ఓమ్‌లు, కరెంటు 9.79కి తగ్గింది. పెరగలేదు, తగ్గింది! కాబట్టి ఫ్యూజుకు గానీ, ట్రిప్ స్విచ్‌కు గానీ అనుమానం రాదు. హీటరుకు 2,203 వాట్లు అందుతున్నాయి, వాడేవారికీ తేడా తెలియదు. అతుకు దగ్గర మాత్రం 48 వాట్లు, ఒక సోల్డరింగ్ ఐరన్ మొనంత వేడి, ప్లాస్టిక్ మధ్యలో. వేడికి లోహం ఆక్సీకరణ చెంది అతుకు నిరోధం 2 ఓమ్‌లకు పెరిగితే కరెంటు 9.2, అతుకులో వేడి 169 వాట్లు. నిరోధం పెరిగే కొద్దీ అక్కడ వేడి పెరుగుతోంది, ఎందుకంటే కరెంటును నిర్ణయిస్తున్నది ప్రధానంగా హీటరే. అతుకు దృష్టిలో కరెంటు దాదాపు స్థిరం. కాగితం మీద ఈ పెరుగుదల అతుకు నిరోధం హీటరుతో సమానంగా 23 ఓమ్‌లు అయ్యేదాకా, 575 వాట్ల దాకా సాగుతుంది. ఆ తర్వాత వోల్టేజి సూత్రం పైచేయి అయి తగ్గుముఖం పడుతుంది. సాకెట్టు అంతదాకా మిగలదు.

ఇలాంటి అతుకును సరఫరా ఆపేసి ఓమ్ మీటరుతో పట్టుకోవడం కష్టం. అర ఓమ్ అంటే ప్రోబు తీగల నిరోధానికి దగ్గరి అంకె, పైగా చల్లారిన పిన్ను కొంచెం కదిపితే చాలు, మళ్లీ గట్టిగా ఆనుకుని మంచిదానిలా నటిస్తుంది. పనిచేస్తున్నప్పుడే చూడాలి. అది శిక్షణ ఉన్న ఎలక్ట్రీషియను చేయవలసిన పని. అతను హీటరు నడుస్తుండగా అతుకుకు అటూ ఇటూ వోల్టుమీటరు ప్రోబులు ఆనించి, తీగ చుట్టూ క్లాంప్ మీటరు వేస్తాడు. ఒకదాంట్లో 4.9 వోల్టులు, ఇంకోదాంట్లో 9.8 ఆంపియర్లు. భాగిస్తే అర ఓమ్, గుణిస్తే 48 వాట్లు.